ముందు పన్ను, మొదటి కుర్చీ

మార్చి 3, సోమవారం

రూట్ కెనాల్ అయింది. పైన ముందు పన్ను. ఇంజెక్షన్‌కి సగం మూతి మొద్దుబారిపోయింది. అందుకని అడిగినవాటన్నిటికీ నా బదులు మా ఆయనే జవాబులు చెప్పాడు. ఏం చేస్తుంటారని డాక్టరమ్మ అడిగితే, స్కూల్లో మ్యూజిక్ టీచరండీ అన్నాడు. నిజమే. సాయంత్రాలు టౌన్ బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తానని, అక్కడ మొదటి కుర్చీ నాదని, రెండోది తనదని మాత్రం చెప్పలేదు. నేను చెయ్యి ఊపాను. నీళ్ళు కావాలనుకుని ఆవిడ గ్లాసు అందించింది.

రెండు రకాల బిళ్ళలు రాసింది. నొప్పి ఉన్నా లేకపోయినా మూడు రోజులు టైమ్ ప్రకారం వేసుకోవాలట, తిన్నాకే. ముదిరేదాకా ఆగితే తర్వాత తగ్గడం కష్టమట. పన్నులో పెట్టింది తాత్కాలిక సిమెంటట, క్యాప్ వేసేదాకా దాంతో ఏమీ కొరకొద్దట.

కొరకను తల్లీ. వాయిస్తాను.

మార్చి 4, మంగళవారం, మధ్యాహ్నం

పన్ను ఒక్కటే కాదు. చెవి, కన్ను, దవడ అన్నీ కలిసి కొట్టుకుంటున్నాయి. ఇవాళ రిహార్సల్ మానెయ్యమంటున్నాడు మా ఆయన. కుర్చీ ఎక్కడికీ పారిపోదులే అంటున్నాడు.

పారిపోతుంది. మా బ్యాండ్‌లో కుర్చీ ఖాళీగా ఉంచరు. ఎవరైనా రాకపోతే పక్కవాళ్ళు ఒక్కో కుర్చీ ఇటు జరుగుతారు. జరిగినవాళ్ళు ఆ సీజన్ అంతా వెనక్కి పోరు. తాతల నాటి రూలు. పోయిన సీజన్‌లో ఈయనకి మెడ పట్టేసి ఒక్క సాయంత్రం రాలేదు, నేను జరిగాను. ఆ తర్వాత ఆ కుర్చీ నిలబెట్టుకున్నది నా వాయింపుతోనే. అయినా ఆ సాయంత్రాన్ని ఈయన మర్చిపోయాడనుకునేంత వెర్రిదాన్ని కాదు.

పదహారున కచేరీ. మధ్యలో వచ్చే సోలో మొదటి కుర్చీది. ఆ సోలో కోసం నేను ఏడాది ఎదురుచూశాను.

మార్చి 5

వెళ్ళాను. నిన్న పొద్దున వేసుకోవాల్సిన బిళ్ళలు వేసుకోలేదు. మధ్యాహ్నంవీ దాచాను. రిహార్సల్‌కి ముందు అన్నీ కలిపి మింగేశాను. క్లారినెట్‌కి పై పళ్ళు మౌత్‌పీస్ మీద ఆనించి బిగించాలి. బిగించాను. ఏమీ తెలియలేదు! బ్యాండ్‌మాస్టర్ తల ఊపాడు. పంటి బిగువున అంటే ఏమిటో ఇన్నాళ్ళకి అర్థమైంది.

ఇంటికొచ్చాక కడుపులో ఒకటే మంట. దాని సంగతి తర్వాత.

మార్చి 7

నిన్న, గురువారం రిహార్సల్‌కి కూడా అలాగే చేశాను. ఇవాళ దొరికిపోయాను. డాక్టరమ్మ చెప్పిందేమిటి, నువ్వు చేస్తున్నదేమిటి అని మా ఆయన గట్టిగానే కేకలేశాడు. కడుపు పాడు చేసుకుంటావన్నాడు. ప్రతి ముక్కా నిజమే. నిజం కూడా ఈయన నోట్లోంచి వస్తే నాకు చేదు.

మార్చి 9, ఆదివారం

హోమ్‌వర్క్ చేసుకుంటూ, తల ఎత్తకుండా, మా అమ్మాయి చెప్పింది. నేను స్కూల్ నుంచి వచ్చేలోపు నాన్న రోజూ బాత్రూమ్ తలుపేసుకుని నా సోలోనే వాయిస్తున్నాడట. చాలా బాగా వచ్చేసిందట.

పక్కలో బల్లెం అని ఊరికే అనలేదు పెద్దలు. నాది పక్క కుర్చీలోనే ఉంది, ఇస్త్రీ షర్టు వేసుకుని.

అడగలేదు. అడిగితే సాధన చెయ్యడం తప్పా అంటాడు. తప్పని నేను మాత్రం ఎలా అనగలను? ఒళ్ళు మండిపోతోంది. మంగళవారం చచ్చినా మానను.

మార్చి 11, మంగళవారం, సాయంత్రం

నొప్పి ఇవాళ మరీ ఎక్కువ. బిళ్ళలు కూడా, పాత చీటీ చూపించి మళ్ళీ కొన్నాను.

మార్చి 12

సోలో మధ్యలో పై స్థాయికి వెళ్ళే చోటు ఉంది. అక్కడ ఇంకాస్త బిగించాలి. మామూలుగా అయితే పన్ను అరిచి గోల చేసేది, నేను సడలించేదాన్ని. నిన్న బిళ్ళలతో దాని నోరు నేనే నొక్కేశాను కదా. బిగిస్తూనే ఉన్నాను. టక్ మంది. మౌత్‌పీస్‌కి బిగించే వెదురు రీడ్ చీలిందనుకున్నాను. నాలిక మీద ఏదో గట్టిగా తగిలింది. చేతిలోకి ఉమ్మితే సగం పన్ను.

రవ్వంత నొప్పి కూడా లేదు.

బ్యాండ్ ఆగిపోయింది. మా ఆయన రుమాలు ఇచ్చాడు. నా క్లారినెట్ విడదీసి, తుడిచి, పెట్టెలో జాగ్రత్తగా సర్దాడు. నేను పక్కన బెంచీ మీదికి వెళ్ళాను. బ్యాండ్‌మాస్టర్ అయ్యో అన్నాడు, మనస్ఫూర్తిగానే అన్నాడు. తర్వాత జరగండి అన్నాడు. కుర్చీలు నేల మీద గీసుకుంటూ ఒక్కొక్కటీ జరిగాయి. నా కుర్చీలో కూర్చునే ముందు మా ఆయన నా వైపు చూశాడు. నేను రుమాలు వైపు చూసుకున్నాను.

మార్చి 13

వేరు దాకా చీలిందట. పీకేసింది. క్లారినెట్టా, ముందే చెప్పాలి కదండీ, క్యాప్ వేసేదాకా ముట్టుకోవద్దనేదాన్ని కదా అంది డాక్టరమ్మ. మా ఆయన గోడ మీది పళ్ళ బొమ్మని శ్రద్ధగా చదువుతున్నాడు. నేనైనా ఫోన్ చేసి చెప్పాల్సింది. వద్దంటుందని చెప్పలేదు. ఇద్దరం తోడుదొంగలం, లాభం మాత్రం ఒకరికే.

మళ్ళీ బిళ్ళలు. ఈసారి టైమ్ ప్రకారం వేసుకుంటున్నాను. దాచుకోవడానికి ఇంకేముంది?

మార్చి 16, ఆదివారం

వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను. అమ్మాయితో కలిసి వెనక వరసలో కూర్చున్నాను. ఈయన తప్పు వాయించాలని కోరుకున్నాను. మనసారా కోరుకున్నాను.

బాగా వాయించాడు. నేను ఊపిరి తీసుకునే చోటే తనూ తీసుకున్నాడు. ఆ చోటు వెతుక్కోవడానికి నాకు నెలలు పట్టింది. బాత్రూమ్‌లోకి దాన్ని కూడా పట్టుకెళ్ళాడన్నమాట. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మాయి కూడా కొట్టి, నన్ను చూసి చేతులు దించేసింది. దాని కోసం నేను కొట్టాను.

దార్లో ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. పన్ను లేని సందులోంచి గాలి పోయి మాట సరిగ్గా రాలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

మార్చి 19

నొప్పి పూర్తిగా పోయింది, బిళ్ళలు వేసుకోమన్న మూడు రోజులూ ఎప్పుడో అయిపోయాయి. హాల్లో ఈయన సాధన చేస్తున్నాడు. అన్నం తిని ఒక బిళ్ళ వేసుకున్నాను.