‘బండ మంచిగున్నది’ అన్న నా మాట గురించి

కరీంనగర్ జిల్లా గోదావరిఖనిల కాపురముండే దుర్గం లాజరు కొడుకు యిర్మియా, వయసు అరవై రెండేండ్లు, బొగ్గుబాయిల సర్దార్‌గ చేసి రిటైరైనవాడు, తన చేత్తో రాసుకున్న వీలునామా.

నేను పూర్తి హోషుల ఉన్న. ఎవ్వరు బెదిరియ్యలె, ఎవ్వరు తాగిపియ్యలె. బాయి ఇచ్చిన దమ్ము తప్ప ఒంట్లె వేరే రోగం లేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసిన్నని ఎవరన్న కాయితం పట్టుకొస్తే అది నా బామ్మర్ది యేసయ్య పని అనుకోవాలె.

1. నా స్వార్జితమైన రెండర్రల పెంకుటిల్లు. ఎల్లలు: తూర్పుకు బాట, దక్షిణానికి మోరీ, పడమటికి సారవ్వ జామచెట్టు, ఉత్తరానికి యేసయ్య గోడ. సదరు ఇల్లు నా భార్య సువార్తమ్మ బతికినన్ని దినాలు ఆమెది. తర్వాత మా ఒక్కగానొక్క బిడ్డ, శ్రీరాంపూర్ బడిల పంతులమ్మ లిడియాది. సదరు ఉత్తరపు గోడ కట్టేటప్పుడు యేసయ్య నా జాగల జానెడు కలుపుకున్నడు. ఆ జానెడు నేను మనసార వదిలిపెట్టిన. వదిలిపెట్టిన సంగతి నలుగురికి తెల్వాలెనని ఇక్కడ రాసిన.

2. సువార్తమ్మకు ఇంటితో పాటు ఒక మాట గూడ రాసిస్తున్న. ముప్పై మూడేండ్లు మొదటి షిఫ్టుకు ముందు లేచి నాకు టిఫిన్ డబ్బ కట్టింది. నేను ఇంటికొచ్చి ఉప్పు తక్కువైందనేటోణ్ణి. ఉప్పు ఎన్నడు తక్కువ కాలేదు. ఏదో ఒకటి అనకుంటే నేను సర్దార్‌ననిపించకపోయేది. సదరు మాట మీద ఆమెకు సంపూర్ణ హక్కు కలదు. నన్ను తలుసుకున్నప్పుడల్ల తిట్టుకోవచ్చు.

3. నా చేతుల కుర్చీ యేసయ్యకు. ప్రార్థనల ఆయన అందరికన్న వెనుక, చెప్పులు విడిచే కాడ చాప మీద కూసుంటడు. పాస్టరు దయాసాగర్ పేరు పెట్టి ముందటికి పిలిచేదాక లేవడు. పిలుపు జర ఆలస్యమైతే దగ్గుతడు. పాపం, ఇంట్లనన్న నిమ్మలంగ కూసోవాలె.

4. ఈ నాలుగో కలంల ఇచ్చేదేమి లేదు, చెప్పేది ఉన్నది. నేను రిటైరైన యేడు ప్రార్థన కూటాలల్ల పాస్టరుగారు ఒక మాట చెప్పిండు. మనిషిల ‘నేను’ అనే అహం సచ్చిననాడే సంతోషం పుడుతదని. అప్పటికి నన్ను సర్దార్ అని పిలిచేటోడు లేక ఇంట్ల తిక్కతిక్కగ తిరుగుతున్న. సరే, చూద్దామని నలభై దినాలు పట్టు పట్టిన. పెట్టింది తిన్న. ఎవరేమన్నా నువ్వన్నదే కరెక్టు అన్న. పదో దినానికి సువార్తమ్మ భయపడి నన్ను దవాఖానకు తీసుకపోయింది. డాక్టరు నాలిక చూసి, కండ్లు చూసి, ఏం లేదని పంపిండు. ఇరువయ్యో దినాన, నాలో అహం ఎంత తగ్గిందో యేసయ్యకు చెప్పిన. తనకు ఇంకా ఎక్కువ తగ్గిందన్నడు. ఎవరు ఎక్కువ తగ్గించుకున్నరని ఇద్దరం నల్లా కాడ గొంతులు చించుకున్నం. సారవ్వ బిందె కింద పడేసుకున్నది.

నలభై దినాలు అయిపోయినయ్. సంతోషం జాడ లేదు. సువార్తమ్మను అడిగితే, నీ గర్వం యాడికి పోలె, ప్రార్థనకు పోయే తెల్లంగి తొడుక్కున్నది గంతే, పోవాల్సింది ఇంకా లోపల్నే ఉన్నది, ఏందో నీకెరుకే అన్నది. నాకెరుకే. ఆమెకు గూడ ఎరుకే.

5. ఈ కలం రాసి కొట్టేసిన. నేను చనిపోయిన మూడో దినం అందరు కూడినప్పుడు లిడియా లేచి ఒక కాయితం చదవాలెనని ఇందుల ఉండె. సువార్తమ్మ చదివి నవ్వింది. నువ్వు పెట్టెల పండుకున్నంక చెప్తే నీకేం నొప్పి, ఎంత మంచోడు గట్ల ఒప్పుకున్నడు అని అందరు ఏడుస్తరు, సచ్చినంక గూడ నీకు మెప్పే కావాలె అన్నది. నాకు చానా కోపమొచ్చింది. కోపమొచ్చిందంటే ఆమె చెప్పింది నిజమన్నట్టు. కావున సదరు కలం రద్దు. ఆ కాయితంల ఉన్నది కిందనే రాస్తున్న.

6. ప్రకటన. పని జాగల నెత్తి మీది బండను కర్రతోని కొట్టి, చప్పుడు విని, కింద మనుషులు పని చెయ్యొచ్చా లేదా అని చెప్పుడు సర్దార్ పని. ఖంగుమంటే మంచిది. బొద్దుమంటే లోపల పగిలిందన్నట్టు. యిర్మియాకున్న చెవి ఎవ్వరికి లేదని బాయంత పేరు. కాని పేలుళ్ల చప్పుడుకు నా చెవులు 1967లనే మందగించినయ్. సువార్తమ్మకు తప్ప ఎవ్వరికి చెప్పలె. బాయిల అందరు అరుచుకుంటనే మాట్లాడుతరు గనుక ఎవ్వరు పసిగట్టలె. చెప్తే నా కర్ర గుంజుకుంటరు. కర్ర లేకుంటే నేనెవణ్ణి?

1969ల ఒకనాడు కొట్టిన. బండ మంచిగున్నది అన్న. బొగ్గు నింపే జక్కుల మొగిలి నా దగ్గరికొచ్చి, అన్నా బొద్దుమంటున్నది, ఇంకోసారి కొట్టు అన్నడు. సర్దార్ నువ్వా నేనా అన్న. మొగిలి లోపలికి పోయిండు. బండ పడ్డది. వాని ఎడమ పాదం నుజ్జయింది.

విచారణల, బండకు ఆసరా కర్రలు నిలబెట్టేదాక లోపలికి పోవద్దని నేను చెప్పిన్నని, మొగిలే వినలేదని చెప్పిన. అది అబద్ధం. దాన్ని నమ్మి వాని పేరు మీద ‘నిర్లక్ష్యం’ అని రాసుకున్నరు. ఆ యేడు మొగిలి సర్దార్ పరీక్షకు కూసోవాల్సినోడు. కూసోనియ్యలె. కుంటుకుంట నడిచేటోడని దీపాలిచ్చే రూముల పనికి పెట్టిర్రు. అదే యేడు భద్రతా వారంల చెవి మంచిదని నాకు గోడగడియారం బహుమతిచ్చిర్రు. అప్పటినుంచి నేను రిటైరయ్యేదాక ఏడేండ్లు నా టోపీ దీపం మొగిలి చేతులకెల్లే తీసుకున్న. ఒక్కనాడు తలెత్తి మొకం చూడలె. ఒక్కనాడు వాడు నాకు సగం చార్జింగ్ దీపం ఇయ్యలె. కోపంతోనన్న ఇస్తే నాకు జర హాయిగుండు.

7. ఇయ్యాల ఆదివారం. ప్రార్థనైనంక మొగిలిని ఇంటికి పిలిచిన. చేసిన తప్పు ఒప్పుకుంటనని పిలిచే ధైర్యం సాలక, సాక్షి సంతకానికి అని పిలిచిన. పాస్టరుగారు గూడ వచ్చిండు. నిలబడి ఆరో కలం చదివిన.

మొగిలి నా చెవి దగ్గరికి జరిగి చెప్పిండు. నీకు వినబడదని నాకు గిప్పుడే ఎరుకైంది అన్నా, ఏడేండ్లు దినాం దీపం చేతికిచ్చి ‘పైలం అన్నా, జాగర్త’ అనేటోణ్ణి, నువ్వు ఒక్కనాడు ఊ అనలె, ఎంత పొగరు వీనికి అనుకున్న, కాలు పోయిన కోపం ఎప్పుడో పోయింది, గిదే పోలె అన్నడు. మరి అంత కోపముంటే దినాం ఎందుకన్నవురా అని అడిగిన. బాయిల దిగేటోనికి పైలం అనకుండ దీపం ఎట్లిస్తరు అన్నడు.

నేను ఏడ్చిన. దాచుకునుడు ఏముంది, పాస్టరుగారి ముందటనే ఏడ్చిన.

కాబట్టి అహం పోతే సంతోషం వస్తదా అని ఎవరన్న అడిగితే నేను చెప్పగలిగింది ఇంతే. ముందుగాల సిగ్గు వస్తది. తర్వాత ఏడుపు వస్తది. గంటకు ఆకలైతది. మొగిలి, నేను ఒక్క దగ్గర కూసోని జొన్నరొట్టెలు తిన్నం. పాస్టరుగారు చెప్పిన సంతోషం గిదేనో కాదో నాకు తెల్వదు. ఇది మాత్రం నాకు సాలు.

8. గడియారం మొగిలికి రాద్దామంటే, సాక్షికి ఏమి రాసిచ్చినా చెల్లదని పాస్టరుగారన్నడు. వెనుకబడి తిరిగే గడియారం నాకెందుకని మొగిలన్నడు. అది యేసయ్యకే పోవాలె. ఆరో కలం నకలు సంతకం చేసి మొగిలికి ఇయ్యాల్నే చేతికిచ్చిన. ఏ ఆఫీసుల చూపెట్టుకున్నా నాకు అభ్యంతరం లేదు.

9. ఈ వీలునామా అమలు చెయ్యాల్సింది లిడియా. బిడ్డా, నీ అయ్య పేరు పోతదని ఫికర్ చెయ్యకు. అది నాది కాదు, మొగిలి దగ్గర గుంజుకున్నది.

గోదావరిఖని, 12 ఫిబ్రవరి 1978.

(సంతకం) దుర్గం యిర్మియా

సాక్షులు:

1. పాస్టరు కె. దయాసాగర్.

2. జక్కుల మొగిలి. యిర్మియన్న నా ముందట చదివి, నా ముందటనే సంతకం పెట్టిండు. తనకు వినబడదు గనుక చానా గట్టిగ చదివిండు. వాడకట్టంత బయటికొచ్చి నిలబడి విన్నది. ఆ సంగతి ఆయనకు ఇంకా ఎరుక లేదు.