పై సర్వర్ ఇవ్వకు

తమ్ముడూ, నేను ఆఫీసుకి వెళ్తున్నాను. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్న సర్వర్లు తీసుకెళ్ళడానికి పాత కంప్యూటర్లు కొనే ఆయన వస్తాడు. నాన్న ఆఫీసు గదిలో ర్యాకులో కింద ఉన్న రెండూ ఇచ్చెయ్. ముందు కీబోర్డు మీంచి ఆపు, లైట్లన్నీ ఆరాకే ప్లగ్ పీకు. చాలా బరువు, ఇద్దరూ చెరోపక్కా పట్టుకోండి. నీ నడుం పట్టేస్తే మళ్ళీ నాకే చాకిరీ.

పైది మాత్రం ఆయన ఎంత బతిమాలినా ఇవ్వకు. అందులో ఏమీ లేదు, నాన్న పనంతా నేను వేరేచోట దాచాను. అది ఊరికే తిరుగుతోంది. ఆ ఫ్యాన్ల రొదకి కునుకు పట్టట్లేదని అమ్మ ఎన్నేళ్ళు పోట్లాడిందో నీకూ తెలుసు. నాన్న పోయాక ఆ గదిలోనే పరుపు వేసుకుని పడుకుంటోంది.

మొన్న మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది, అది మాత్రం ఆగే ఉంది. అమ్మ నిద్రలోనే "ఏమండీ, మీది ఆగిపోయింది, చూడండి" అంది. నువ్వు ఫోన్ లోంచి తలెత్తలేదు. నేనే వెళ్ళి ఆన్ చేశాను.

అన్నట్టు, అమ్మ అడిగితే అందులో నా ఆఫీసు పని ఉందని చెప్పు. నేను చెప్తే నమ్మినట్టే తలూపింది.

అక్క