కమలక్కకు ఫస్టు ప్రైజు వచ్చిన సంగతి

పుణె నుంచి

మా అక్కకు, నీ చెల్లె సుజాత చేతులు జోడించి రాస్తున్నది. ఇక్కడ నేను, మీ మరిది బాగానే ఉన్నాం. బావ నడుంనొప్పి తగ్గిందా? అవ్వ మందులు వేళకు వేసుకుంటున్నదా? ఫోన్లో అడిగితే "అంత మంచిగనే ఉన్నం" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నువ్వూ రాయి, నిజం రాయి.

ఇక్కడ ఒకటే వాన. బట్టలు ఆరవు. జొన్నరొట్టె దొరుకుతుంది గానీ పచ్చిపులుసు అంటే ఎవరికీ తెలియదు. మీ మరిది డ్యూటీకి పోతే నేను గోడలతో మాట్లాడుకోవాలి. మనసు కాస్త కుదుటపడేది నేను పనిచేసే మందుల ప్యాకింగ్ కంపెనీలోనే. పక్కపక్క బల్లల మీద పెట్టెలు కట్టే మా వరుసలో అందరం తెలుగువాళ్ళమే. మహబూబాబాద్ కమలక్క గురించి చెప్పాను కదా, చేతులు నిదానం, మాటలు జోరు.

కొత్త మేనేజర్, కోస్తా వైపు ఆయన, వస్తూనే కొత్త పద్ధతి పెట్టాడు. ఎవరు కట్టిన పెట్టె మీద వాళ్ళ నంబరు చీటీ అంటించాలి. వారం చివర ఎక్కువ కట్టినవాళ్ళకు బహుమతి, అందరికన్నా తక్కువ కట్టినవాళ్ళు ఇంటికి. చెడ్డవాడు కాదక్కా, పైవాళ్ళు ఆయన్నీ తరుముతున్నారు. కానీ పోయేది కమలక్కేనని అందరికీ తెలుసు. భర్త మంచాన ఉన్నాడు, ఆమె జీతంతోనే ఇల్లు గడవాలి. ఎవరికీ చెప్పకుండా నా పెట్టెలు కొన్నింటికి ఆమె చీటీలు అంటించాను.

వారం చివర మేనేజర్ ఫస్టు ప్రైజు చదివాడు. కమలక్కకు! ఎలా సాధించారో అందరికీ చెప్పమన్నాడు.

"నాకేం ఎరుక సారు? రోజు చేసినంతనే చేసిన. గిన్ని ఎట్లయినయో మీరే చెప్పున్రి" అన్నది.

నవ్వు ఆపుకోలేకపోయాం. ఆయనకు మాత్రం కోపం వచ్చింది. దొంగ చీటీలు అంటించావు, రేపటి నుంచి రావద్దు అన్నాడు. నేను బల్ల వదిలి ముందుకు వచ్చాను.

"సార్, ఆమెకు తెల్వదు. చీటీలు నేను అంటించిన" అన్నాను.

"నేను గూడ" అని వెనక నుంచి ఒకరు, తర్వాత ఇంకొకరు. ఒకరికి తెలియకుండా ఒకరం వరుసంతా అదే పని చేశాం!

"మా దిక్కు నాట్లకు బదులు పోతం సార్. ఇయ్యాల ఆమె మా పొలంల, రేపు మేము ఆమె పొలంల. ఎనుకబడ్డోళ్ళను గట్టు మీద ఇడిసిపెట్టం" అన్నాను.

ఆయన చేతిలోని ఆర్డర్ల కాగితాలు తిరగేశాడు. "మనం ఇప్పుడు తీసుకుంటున్నవన్నీ అర్జంటు ఆర్డర్లు. ఒకరి పని ఒకరు అందుకుంటేనే వేళకు వెళ్తాయి. నేనేమో ఎవరి బల్ల వాళ్ళను చూసుకోమంటున్నాను" అన్నాడు చివరికి. ఇప్పుడు లెక్క మనిషికి కాదు, వరుసకు. అదీ ఒక్క నెల చూస్తారట. వరుస వెనకబడితే మళ్ళీ పాత పద్ధతి, కమలక్క పోయినట్టే. ఆ భయం ఇంకా ఉంది.

మొన్న నాకు జ్వరం. నా వల్ల వరుస ఆగుతుందని మధ్యాహ్నం ఎలాగో లేచి వెళ్ళాను. ఆగలేదు. తన పని పక్కవాళ్ళకు పంచి, నా బల్ల దగ్గర కమలక్క నిలబడి ఉంది, అదే నిదానంతో.

"పో, పోయి పండుకో. బదులు పోవుడు నీకొక్కదానికే వచ్చా?" అని కసిరింది.

అక్కా, ఈ ఊరొచ్చాక నన్ను అంత సొంతంగా తిట్టినవాళ్ళు లేరు. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

మన స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఎవరైనా ఇటు వస్తే మామిడికాయ తొక్కు పంపు, కమలక్కకు కూడా కలిపి. అవ్వ కాళ్ళకు, బావకు నా దండాలు. మా వరుస నిలవాలని దీవించు.

నీ చెల్లె
సుజాత