చీకటి, అరవై సెకన్లు

హెండర్సన్,
ఆక్లండ్, న్యూజీలాండ్,
6 ఏప్రిల్ 2014

ప్రియమైన గిరీ,

చేతిరాత గుర్తుపట్టావా? ఈ మూడేళ్ళలో పుట్టినరోజు మెసేజీలు తప్ప నీకేమీ రాయలేదు. తిట్టుకునే ఉంటావు. ఇంకా తిట్టాలనుంటే ఈ ఉత్తరం పూర్తిగా చదివాక తిట్టు.

నాటకం ఒకటి రాశాను. డైరెక్షన్ కూడా నాదే. ఇక్కడ స్కూల్లో డ్రామా చెబుతూ పిల్లలచేత చిన్నచిన్నవి వేయించాను గానీ, పెద్దవాళ్ళతో, తెలుగులో, గంటన్నర నాటకం ఇదే మొదలు. మా అమ్మది దివిసీమ అని నీకు తెలుసుగా. డెబ్భై ఏడు తుఫాను సంగతులు అమ్మ చెప్పగా విన్నవన్నీ ఇందులోకి వచ్చాయి. కథ మాత్రం కల్పితం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ఒక పెంకుటిల్లు, సముద్రం.

క్రైస్ట్‌చర్చ్ తెలుగువాళ్ళు ఆగస్టు పదహారున అక్కడ వేయమన్నారు. హాల్లో లైట్లు ఎవరు చూస్తారని అడిగితే నీ పేరు చెప్పారు. చదువుకునేటప్పుడు మన ఫ్లాట్‌లో ఫ్యూజులు బాగుచేసేదానివి, లైటింగ్ డిజైనర్‌వి అయ్యావా!

స్క్రిప్టు పంపుతున్నాను. పదకొండో సీను ముఖ్యం. ఇంట్లోకి నీళ్ళు వస్తాయి. అక్కడినుంచి అరవై సెకన్లు పూర్తి చీకటి. సముద్రం హోరు, అందులో చెల్లెల్ని పిలిచే అక్క గొంతు. మళ్ళీ వెలుగు వచ్చేసరికి చెల్లెలు తుమ్మచెట్టు మీద ఉంటుంది. అక్క ఉండదు. ఆ అరవైలో ఒక్క సెకను కూడా తగ్గించను. ముందే చెబుతున్నాను.

చేస్తావు కదూ?

ఎప్పటికీ నీ
ఇంద్రజ


క్రైస్ట్‌చర్చ్,
14 ఏప్రిల్ 2014

ప్రియమైన ఇంద్రా,

ఎందుకు చేయను! కవరు మీద నీ రాత చూసి వాకిట్లోనే చింపి చదివాను. వాన పడుతున్నా లోపలికి వెళ్ళాలని తోచలేదు.

పగలు కొత్తగా కట్టే బిల్డింగుల్లో వైరింగ్ పని. ఈ ఊళ్ళో ఇప్పుడు ఆ పనికి కొదవ లేదు. వారానికి మూడు సాయంత్రాలు హాల్లో లైట్లు. ఫోను చేద్దామనుకుని ఆగాను. ఫోనులో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, ఎవరి మాటా ఎవరికీ వినబడదు. డైరెక్టరు మాట నాకు కాగితం మీద ఉండాలి. గోడకు అంటించుకుని, టీ తాగుతూ చూస్తూ ఉంటే ఎప్పటికో ఒక రంగు తోస్తుంది.

మూడో సీనులో అన్నాల వేళ లాంతరు వెలుగు చాలా బాగా కుదురుతుంది. పాత లాంతరు ఎలా ఉంటుందో నాకు తెలుసు, పసుపుకీ నారింజకీ మధ్య. తుఫాను ముందు ఆకాశానికి ఏ రంగో మీ అమ్మగారిని అడిగి రాయి. సినిమాల్లోలా నీలం వేయడం నాకిష్టం లేదు.

పదకొండో సీను దగ్గరే చిక్కు. పూర్తి చీకటి కుదరదు. తలుపుల మీద వెలిగే ఎగ్జిట్ బోర్డులు ఆర్పకూడదు, అది రూలు. పైగా చెల్లెలు వేసే అమ్మాయి ఆ చీకట్లో చెట్టెక్కాలి, కాలు జారితే? పది సెకన్లకు తగ్గించు, మిగతాది నేను చూసుకుంటాను.

ఇంకో మాట. మనం పనిచేసిన ఆ రెస్టారెంట్ స్టోర్‌రూమ్‌లో, మూడేళ్ళ కిందటి భూకంపం రోజున, నేను నలభై నిమిషాలు ఇరుక్కుపోతే నువ్వే కదా మనుషుల్ని పంపావు. స్ట్రెచర్ మీద ఒక్క థాంక్స్ చెప్పానంతే. నాలుగో రోజుకి నువ్వు ఆక్లండ్ వెళ్ళిపోయావు. ఆ బాకీ ఈ లైట్లతో కొంచెం తీర్చుకోనీ.

ఉంటాను,
గిరి


హెండర్సన్,
29 ఏప్రిల్ 2014

ప్రియమైన గిరిజా,

అమ్మను అడిగాను. ఆకాశం ఎర్రమట్టి కలిసిన నీళ్ళలా ఉందట. నీ లాంతరు మాట మా అందరికీ నచ్చింది. సౌండు చూసే శ్రీవత్స కూడా మూడో సీనులో పాట తీసేసి, గాలి చప్పుడొక్కటే ఉంచుతానన్నాడు.

కానీ పదకొండో సీను మార్చను. ఎగ్జిట్ బోర్డులకు ఆ ఒక్క నిమిషం నల్లగుడ్డ కప్పలేవా? చెట్టు ఎక్కడం రోజూ కళ్ళకు గంతలు కట్టి ప్రాక్టీసు చేయిస్తున్నాను. నా నాటకంలో ఆ చీకటి లేకపోతే ఇంకేమీ లేనట్టే.

నువ్వు చెప్పే కారణాలు అసలు కారణాలు కావేమోనని అనుమానం. నీకు చీకటంటే భయమేమో. అందులో తప్పేం లేదు, నాకు అర్థమవుతుంది. అదే అయితే చెప్పెయ్. ఇక్కడినుంచి ఎవరినైనా తెచ్చుకుంటాను.

ఇంద్రజ


క్రైస్ట్‌చర్చ్,
20 మే 2014

డైరెక్టర్ ఇంద్రజ గారికి,

మూడు వారాలు కోపంతో రాయలేదు. ఇప్పుడూ కోపంగానే ఉన్నాను. అయినా పని పనే.

చీకటంటే నాకు భయం లేదు. రోజూ ఆ హాల్లో ఒక్కదాన్నే లైట్లార్పుకుని కూర్చుంటాను. ముందు చీకటి చూడకుండా ఏ లైటు ఎక్కడ పెట్టాలో ఎవరికి తెలుస్తుంది? నా భయం చూడవచ్చేవాళ్ళ గురించి. భూకంపం తర్వాత నువ్వు ఇక్కడ నాలుగు రోజులే ఉన్నావు. మేము ఆ తర్వాత రెండేళ్ళూ నేల కదిలినప్పుడల్లా లేచి నిలబడ్డాం.

నువ్వు నమ్మవని, మొన్న శనివారం పరీక్ష చేశాను. తెలిసినవాళ్ళు ఆరుగురిని మధ్యాహ్నం హాలుకి పిలిచాను. చీకటి అవుతుందనీ, శబ్దం వస్తుందనీ ముందే చెప్పాను. శ్రీవత్స పంపిన సముద్రం హోరు పెట్టి, లైట్లన్నీ ఆర్పాను.

పన్నెండో సెకనుకి కుర్చీ పడిన చప్పుడు. మా పక్కింటి తారాబాయి ఆంటీ, ఆస్పత్రిలో ఇరవై ఏళ్ళు నర్సు, ధైర్యానికి పెట్టింది పేరు. లేచి వెళ్ళి గుమ్మం పట్టుకుని నిలబడింది. హాలు చూసుకునే గ్రాహం నన్నడక్కుండానే మెయిన్ స్విచ్ వేసేశాడు. "సారీ గిరిజా, ఐ కుడన్ట్," అన్నాడు. ఆంటీ అయితే, "ఆ గుర్రుమనే చప్పుడేంటమ్మా, అచ్చం భూకంపం రోజుదే," అంది. వాళ్ళకు టీ ఇచ్చి పంపేసరికి గంటన్నర పట్టింది.

ఇది నీకు కావాలా? కావాలంటే వేరేవాళ్ళని తెచ్చుకో.

వద్దనుకుంటే ఒక ప్రశ్నకు జవాబు రాయి. ఇది మొదటే అడగాల్సింది, రూల్స్ చాటున దాక్కున్నాను, తప్పు నాదే. నీ స్క్రిప్టులో ఆ పేజీలో "చీకటి, అరవై సెకన్లు" అని తప్ప ఏమీ లేదు. అక్క పిలుస్తోంది, సరే. ఆ అరవై సెకన్లూ చెల్లెలు ఏం చేస్తోంది? అక్క ఎందుకు పిలుస్తోంది? స్టేజీ మీద ఎవరేం చేస్తున్నారో తెలియకుండా నేను లైటు వేయలేను, ఆర్పనూ లేను.

గిరిజ


హెండర్సన్,
22 జూన్ 2014

ప్రియమైన గిరీ,

నెల దాటింది. నీ ప్రశ్నకు జవాబు నాలుగుసార్లు రాసి చింపాను. ఇది ఐదోది. దీన్ని మళ్ళీ చదవకుండా పోస్టు డబ్బాలో వేసేస్తాను.

తారాబాయి ఆంటీకి నా తరఫున క్షమాపణ చెప్పు. ముందుగా అది.

చెల్లెలు ఏం చేస్తోందని అడిగావు. పారిపోతోంది. అది ఎవరికీ కనబడకూడదనే అక్కడ చీకటి పెట్టాను.

ఆ రోజు నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నాను. నువ్వు నూనె డబ్బా కోసం స్టోర్‌రూమ్‌లోకి వెళ్ళావు. నేల ఎగిరింది, కరెంటు పోయింది, దుమ్ములో నా చెయ్యి నాకే కనబడలేదు. అప్పుడు నీ గొంతు వినబడింది. "ఇంద్రా!" అని. మళ్ళీ "ఇంద్రా!" అని. ఆ తర్వాత ఏదో అన్నావు, ఆ హోరులో తెలియలేదు. గిరీ, నువ్వు పిలిచావు, నేను విన్నాను, విని వెనక తలుపులోంచి రోడ్డు మీదికి పరిగెత్తాను.

మనుషుల్ని నేను పంపలేదు. ఫుట్‌పాత్ మీద కూర్చుండిపోయాను, నోరు పెగల్లేదు. మన వంట మాస్టర్ శేషయ్య గారు తలలు లెక్కపెట్టుకుని, నువ్వు లేవని గమనించి, గునపంతో ఇద్దర్ని తీసుకుని లోపలికి వెళ్ళారు. నువ్వు బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకుని థాంక్స్ అన్నావు. నేను కాదనలేదు. నాలుగో రోజు విమానం ఎక్కింది ఆ థాంక్స్ మొయ్యలేకే.

చీకటంటే నీకు భయమేమోనని రాశాను. ఈ మూడేళ్ళూ లైటు వేసుకుని పడుకుంటున్నది నేను.

లైట్లు చేయనంటే అర్థం చేసుకుంటాను.

ఇంద్ర


క్రైస్ట్‌చర్చ్,
27 జూన్ 2014

నా పిచ్చి ఇంద్రా,

నేను నిన్ను రమ్మని పిలవలేదే!

ర్యాకు నా కాలి మీద పడింది, తలుపు బిగుసుకుంది. అవతల నీ వంటింటి గోడ ఇటుకలు రాలుతున్న చప్పుడు వినబడుతోంది. నీ సంగతి నాకు తెలుసు కదా, నేను లోపల ఉన్నానని తలుపు లాగుతూ అక్కడే ఉండిపోతావు. అందుకని అరిచాను. "ఇంద్రా, పో! ఇంద్రా, బయటికి పో!" నీకు ముందు మాటే వినబడిందన్నమాట. తర్వాత నీ చెప్పుల చప్పుడు దూరమైంది. అమ్మయ్య, వెళ్ళింది అనుకున్నాను. ఆ నలభై నిమిషాల్లో నాకున్న ఊరట అదొక్కటే. ఆ గోడ పడింది, తెలుసా? నువ్వు ఉల్లిపాయలు తరిగే చోటే పడింది.

నిన్ను ఊరడించడానికి చెబుతున్నానని అనుకుంటావు. అందుకే శేషయ్య గారికి ఫోన్ చేశాను. ఇప్పుడు హామిల్టన్‌లో కొడుకు దగ్గర ఉన్నారు. ముందు ఆయనకు థాంక్స్ చెప్పాను. "ఇప్పుడా అమ్మా?" అన్నారు. ఆ రోజు ఏమైనా విన్నారా అని అడిగితే, "ఎందుకు వినలేదు, పో పో అని నువ్వు అరుస్తుంటే నన్నే అనుకుని నేనూ పరిగెత్తాను," అన్నారు. ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వుతూ నేనెందుకు ఏడ్చానో ఆయన అడగలేదు.

మనుషుల్ని నువ్వు పంపలేదంటావా, సరే, పంపలేదు. నువ్వు పంపావని ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. నువ్వు అప్పుడే చెప్పాల్సింది. ఆ కోపం నాకుంది, వచ్చాక నాలుగు మాటలు అంటాను. పరిగెత్తినందుకు మాత్రం ఒక్క మాట కూడా అనను.

ఇక పని. పదకొండో సీనులో చీకటి తీసేద్దాం. అన్ని లైట్లూ ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వస్తాను, చూసేవాళ్ళ కళ్ళు అలవాటు పడేలా. చివరికి ఒక్కటే మిగులుతుంది, అక్క ముఖం మీద. శ్రీవత్సతో మాట్లాడి ఆ గుర్రుమనే చప్పుడు తీసేయించు, గాలీ నీళ్ళూ చాలు. ఆ హోరులో అక్క మాటలు ఎవరికీ వినబడకూడదు. కానీ ముఖం కనబడుతుంది కదా, ఆవిడ రమ్మంటోందో పొమ్మంటోందో ఆ ముఖమే చెబుతుంది. అక్క వేసే వర్షితను చెయ్యి ఇటు చాచవద్దని, అటు తోయమని చెప్పు. చెల్లెలు వెలుగులోనే చెట్టెక్కాలి. అందరూ చూస్తుండగా.

అరవై సెకన్లూ నీకు ఉంచుతాను. ఒక్కటి కూడా తగ్గించను.

త్వరగా రా,
గిరి


హెండర్సన్,
21 ఆగస్టు 2014

ప్రియమైన గిరీ,

తిరిగొచ్చి నాలుగు రోజులైంది. నిన్న రిహార్సల్ లేదు, స్కూలుకి సెలవు పెట్టి మధ్యాహ్నం దాకా పడుకున్నాను. రాత్రి లైటు ఆర్పేసి.

అక్కడ ఉన్నప్పుడు చెప్పలేకపోయినవి రాస్తున్నాను. ఎయిర్‌పోర్ట్‌లో నువ్వు చిరుబుర్రులాడుతూ నా పెట్టె లాక్కున్నప్పుడు సగం భయం పోయింది. మిగతా సగం, శుక్రవారం హాల్లో నీ పక్కన డెస్క్ దగ్గర కూర్చున్నప్పుడు పోయింది. పదకొండో సీను ఎనిమిదిసార్లు చేయించాం. ప్రతిసారీ నువ్వు, "ఇంకొంచెం తగ్గించనా?" అనడం, నేను, "వద్దు, ముఖం పోతుంది," అనడం. చీకటి కోసం నీతో మూడు నెలలు పోట్లాడిన మనిషినేనా అనిపించింది.

శనివారం సీను మొదలవగానే నేను స్టేజీ చూడలేదు, జనాన్ని చూశాను. తారాబాయి ఆంటీ దారి పక్క కుర్చీలో, ఆవిడ చెయ్యి కుర్చీ అంచు మీద. గ్రాహం స్విచ్ పక్కన నిలబడి ఉన్నాడు. లైట్లు తగ్గుతూ వచ్చాయి. వర్షిత ముఖం ఒక్కటే మిగిలింది. ఆ అమ్మాయి నోరు కదులుతోంది, మాట లేదు, చేతులు తోస్తున్నాయి. చెల్లెలు ఎక్కుతోంది. ముందు వరుసలో ఎవరో, తెలుగు రాని మనిషి, పైకే అన్నాడు, "షీ ఈజ్ టెల్లింగ్ హర్ టు గో!" ఆంటీ చెయ్యి కుర్చీ మీదినుంచి ఒళ్ళోకి వచ్చింది. గ్రాహం స్విచ్ ముట్టుకోలేదు. సీను అయ్యాక అక్కడే నేలమీద కూర్చుండిపోయి కళ్ళు తుడుచుకున్నాడు.

ఆదివారం పొద్దున నన్ను ఆ రెస్టారెంట్ ఉన్న చోటికి తీసుకెళ్ళావు. అక్కడ గోడ లేదు, తలుపు లేదు, కంకర పోసిన కార్ పార్కు. స్టోర్‌రూమ్ ఇక్కడ అని నువ్వూ, కాదు అక్కడ అని నేనూ వాదించుకుంటుంటే, కారు పెట్టుకోవాలని ఒకాయన వచ్చి హారన్ కొట్టాడు. మనం నిలబడింది ఆయన చోట్లోనట. నువ్వు నవ్వడం మొదలుపెట్టావు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియక నీ భుజం పట్టుకున్నాను. అక్కడే చెప్పాల్సిన మాట ఇప్పుడు రాస్తున్నాను: నన్ను పొమ్మన్నందుకు థాంక్స్.

సెప్టెంబరు చివర్లో స్కూలు సెలవులు. టికెట్ కొనేశాను. నాటకం లేదు, హాలు లేదు, ఎవరూ పిలవలేదు. ఊరికే వస్తున్నాను.

నీ
ఇంద్ర