పిన్ని చెప్పని ఆరంకెలు

సైబర్ బీమా దరఖాస్తులు పరిశీలించే అమ్మగారికి,

కట్టుడు పళ్లు చేసే మేస్త్రి, ఆరు రోజులు పళ్లతోనూ ఏడో రోజు చర్చిలో వాక్య ప్రసంగంతోనూ బతికేవాడు, వందనాలతో రాస్తున్నాను.

మీ నలభై ప్రశ్నల కాగితం అందింది. పెద్దాసుపత్రి వాళ్లు మా పనితనం చూసి, ఏడాది పొడుగునా పళ్ల సెట్లన్నీ మా చేతే చేయిస్తామన్నారు. ఒకటే షరతు. రోగుల వివరాలు మా కంప్యూటర్లో ఉంటాయి గనక నెలాఖరులోగా సైబర్ బీమా పత్రం చూపించాలి. లేదంటే పని ఎదురు వీధి వాడికి పోతుంది. వాడి పళ్లు పెట్టుకున్నవాళ్లు నవ్వడం మానేసి చాలాకాలమైంది. కాబట్టి ఇది మా దుకాణంలో ఆరుగురి కూటి గొడవే కాదు, ఊరందరి నోటి గొడవ.

జవాబులన్నీ ఒక్క అబద్ధం లేకుండా రాశాను. పాస్‌వర్డు ఎవరెవరికి తెలుసు అన్నారు. ఆరుగురికీ తెలుసు. మాది ఒక కుటుంబం, మా మధ్య గుట్లు లేవు. అచ్చులు పోసే బల్ల పైన, గోడ మీద, ఎర్ర రంగుతో జానెడేసి అక్షరాలు రాయించాను. ఎందుకంటే పళ్లకు మెరుగుపెట్టే మా పిన్నికి చూపు సరిగా ఆనదు. గోడ ఫోటో జతచేశాను. ఫైళ్లకు రెండో కాపీ ఉందా అన్నారు. ఉంది, అదే కంప్యూటర్లో, చేతికందేలా. దొంగ చొరబడితే ఏం చేస్తారు అన్నారు. పశ్చాత్తాపం గురించి బోధిస్తాను.

నలభైకి నలభై వస్తాయని మా తమ్ముడు అంటున్నాడు. నాకు గర్వం కూడదు. ముప్పైతొమ్మిది చాలు.

నిజం దాచడం చేతకాని,
పళ్ల మేస్త్రి

తా.క. మా పిన్ని మెరుగుపెట్టిన పళ్లు చీకట్లో కూడా తెలుస్తాయి. దానికో ప్రశ్న మీ కాగితంలో లేదు. చేర్చగలరు.


గౌరవనీయులైన మేస్త్రి గారికి,

పదహారేళ్లుగా ఈ బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇన్ని నిజాలు ఒకేచోట చూడటం ఇదే మొదలు. అందుకే పక్కన పడేయకుండా జవాబు రాస్తున్నాను. మీకు వచ్చినవి మూడు మార్కులు.

ఆరుగురికీ ఆరు వేరు వేరు పాస్‌వర్డులు ఉండాలి. ఎవరిది వాళ్లకే తెలియాలి. అది కొట్టాక దుకాణం ఫోనుకి ఆరంకెలు రావాలి, అవీ కొడితేనే తలుపు తెరుచుకోవాలి. రెండో కాపీ కంప్యూటర్‌కి తగలకుండా విడిగా, భద్రంగా ఉండాలి. నాలుగేళ్లుగా "తర్వాత చూద్దాం" అని మీరు నొక్కుతున్న ఆ అప్‌డేట్లన్నీ వేయించాలి. దొంగ చొరబడినప్పుడు ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

నెలాఖరుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది.

ఇట్లు, మీ మేలు కోరి మార్కులు తగ్గించిన,
పరిశీలనాధికారిణి

తా.క. మీ గోడ ఫోటోని మా తపాలా విభాగం, మేనేజరు, కిటికీలు తుడిచే ఆయన, అందరూ చూశారు. పాస్‌వర్డు ఈరోజే మార్చండి. కిటికీలాయన దాన్ని పాటలా పాడుతున్నాడు.


అమ్మగారికి, మూడు మార్కుల మేస్త్రి నమస్కరించి రాసేది,

మీ ఉత్తరం చదివి మొదట ఒంటికాలి మీద లేచాను. తర్వాత గ్రంథం తెరిచాను. జుట్టులో బలమున్న ఆ వీరుడు, గుట్టు ఒక్కరికే గదా చెబుతున్నానని చెప్పి, నిద్రలేచేసరికి గుండుతో మిగిలాడు. నేను అయిదుగురికి చెప్పి, గోడకి కూడా చెప్పాను! సిగ్గుపడ్డాను. గోడకి సున్నం వేయించాను.

ఇప్పుడు ఎవరి పాస్‌వర్డు వాళ్లదే. మా తమ్ముడు తన భార్యకి కూడా చెప్పలేదు. వాళ్లింట్లో మూడు రోజులుగా మాటల్లేవు. అంత నిష్ఠ అమ్మా మావాళ్లది! అప్‌డేట్లు వేయించాం. కంప్యూటర్ రెండు రోజులు మూలిగి, పడుచుదానిలా లేచి కూర్చుంది.

రెండో కాపీ విడిగా, భద్రంగా అన్నారు. జలప్రళయానికి ముందు ఓడ కట్టిన పెద్దాయన నీళ్లు చొరకుండా లోపలా బయటా కీలు, అంటే తారు, పూసినట్టు, నేను ఆ కాపీని ఇనప్పెట్టెలో పెట్టి నాలుగు పక్కలా వెల్డింగ్ చేయించాను. ఇక దాన్ని మనిషన్నవాడు తెరవలేడు.

దొంగ చొరబడితే ఏం చేయాలో పదకొండు పేజీలు రాశాను. మొదటి తొమ్మిది దొంగనుద్దేశించి చెప్పేవి.

మేలుకుని ఉన్న కావలివాడు,
పళ్ల మేస్త్రి

తా.క. వెల్డింగ్ ఆయన పెట్టె చూసి, "లోపల ఎవరున్నారు?" అని మెల్లగా అడిగి వెళ్లాడు.


మేస్త్రి గారికి,

మీ పదకొండు పేజీలూ చదివాను. ఆరో పేజీలో నేనే ఏదో తప్పు చేసినట్టనిపించి ఇంటికి ఫోను చేసి మా అమ్మని క్షమాపణ అడిగాను. అయినా పద్ధతి అది కాదు. ముందు వైరు పీకాలి. తర్వాత మాకు ఫోను చేయాలి. బోధ ఆ తర్వాత.

పెట్టె కోయించండి. కాపీ ఉండేది అవసరానికి వాడుకోవడానికి. మూడు నెలలకోసారి దాంట్లోంచి ఫైళ్లు తెరిచి, బాగున్నాయో లేదో చూడాలి.

ఇక ఆరంకెల ఫోను మీలో ఒకరి దగ్గరే ఉండాలి. ఎవరు ఫోను చేసి అడిగినా, సాక్షాత్తు మీరే అడిగినా, అందులో ఒక్క అంకె కూడా చెప్పకూడదు. అలా అడిగిన ప్రతి ఫోనూ టైముతో సహా ఒక పుస్తకంలో రాయాలి. ఈ నియమం తప్పితే పత్రం ఇవ్వలేను.

ఇట్లు, మీ పక్షానే ఉన్న,
పరిశీలనాధికారిణి

తా.క. ఇప్పటికి మార్కులు ముప్పై ఒకటి. గర్వపడకండి.


అమ్మా,

నమస్కారం పెట్టే స్థితిలో లేను. అయినా పెడుతున్నాను.

పెట్టె కోయించాను. కాపీ తెరిచి, నూట నలభై నోళ్ల కొలతలూ చెక్కుచెదరలేదని కళ్లారా చూసుకున్నాను. ఆరంకెల ఫోను మా పిన్నికిచ్చి, మీ నియమం చదివి, వాక్యం సాక్షిగా మాట తీసుకున్నాను. అక్కడే నా నెత్తిన నేనే బండ వేసుకున్నాను.

నిన్న ఆసుపత్రిలో ముగ్గురు అధికారులు, "ఏదీ, కొత్త నమూనాలు చూపించండి" అన్నారు. అవి నా మెయిల్లో ఉన్నాయి. వాళ్ల కంప్యూటర్లో తెరవబోతే ఆరంకెలు అడిగింది. పదకొండూ నలభైకి దుకాణానికి ఫోను చేశాను. జరిగింది యథాతథంగా రాస్తున్నాను.

"పిన్నీ, నేనే. ఆ ఆరంకెలు చెప్పు."

"ఎవరు నువ్వు?"

"నేనే, మేస్త్రిని!"

"మేస్త్రి అడిగినా చెప్పొద్దని మేస్త్రే చెప్పాడు."

"ఆ మేస్త్రిని నేనే కదా!"

"అయితే మరీ మంచిది. నీ మాట నువ్వే నిలబెట్టుకో."

బతిమాలాను. గద్దించాను. జలప్రళయం దగ్గర మొదలుపెట్టి, దీపాల్లో నూనె చాలని ఆ అయిదుగురు కన్యల దాకా వచ్చాను. అంతా విని, "బాగా చెప్పావు అబ్బాయ్, ఇక్కడ పళ్లు ఆరిపోతున్నాయి" అని ఫోను పెట్టేసింది! ఒక అధికారి ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఎల్లుండిలోగా బీమా పత్రంతో రండి, లేకపోతే రావద్దన్నారు.

ఈ అవమానానికి రుజువుగా పిన్ని పుస్తకంలో నిన్నటి పేజీ నకలు పంపుతున్నాను. నేను చదవలేదు. కోపంతో అక్షరాలు ఆనలేదు. సొంత దుకాణంలోకి సొంత యజమానినే రానివ్వని ఈ నియమం మారుస్తారా, నన్ను తిరస్కరిస్తారా, తేల్చండి.

వాకిట్లో నిలబెట్టబడిన,
పళ్ల మేస్త్రి

తా.క. నన్ను సాగనంపుతూ వాళ్లలో పెద్దాయన, "ఆ పిన్నిగారు మా దగ్గర పనికి వస్తారా?" అని చెవిలో అడిగాడు. రాదని చెప్పాను. అంత కోపంలోనూ నా ఛాతీ ఎందుకో రెండంగుళాలు పెరిగింది.


మహారాజశ్రీ మేస్త్రి గారికి,

ఈ ఉత్తరం మనిషి చేత పంపుతున్నాను. బీమా పత్రం లోపలే ఉంది. ముందు ఆసుపత్రికి వెళ్లి రండి, మిగతాది తర్వాత చదవండి.

వెళ్లొచ్చారా? అయితే కూర్చోండి.

మీరు ఫోను చేసింది ఒకసారి, పదకొండూ నలభైకి. పిన్నిగారి పుస్తకంలో ఆ ఉదయం మూడు ఫోన్లున్నాయి. పదీ పదికి ఒకటి, పదిన్నరకి ఒకటి. మూడింటికీ ఎదురుగా "అబ్బాయి గొంతు" అని రాసుంది. పరీక్ష కోసం మేం చేశామేమోనని విచారించాను. మేం చేయలేదు.

దొంగలు చేశారు. రికార్డయిన గొంతు వినిపిస్తే అచ్చం అలాగే మాట్లాడే యంత్రం వాళ్ల దగ్గరుంది. మీ ఆదివారం ప్రసంగాలు నలభై వేల మంది ఫోన్లలో తిరుగుతున్నాయి. ఇక పాస్‌వర్డు వాళ్లకెలా తెలిసిందంటారా? కిందటి ఆదివారం ప్రసంగం నేనూ విన్నాను. పన్నెండో నిమిషంలో, మంచి తాళం ఎలా ఉండాలో వివరిస్తూ, ఉదాహరణకి మీ పాస్‌వర్డే చెప్పారు.

అదే ఉదయం అదే పద్ధతిలో మరో రెండు దుకాణాలకు వాటి యజమానుల గొంతులతో ఫోన్లు వెళ్లాయి. రెండుచోట్లా అంకెలు చెప్పేశారు. ఈరోజు ఆ రెండు దుకాణాల్లోనూ ఒక్క ఫైలు తెరుచుకోవడం లేదు. మీ నూట నలభై నోళ్లూ క్షేమం. మా మేనేజరు పిన్నిగారి పేజీని అద్దం కట్టించి గోడకి తగిలించారు.

నియమం మార్చడం లేదు. మార్కులు నలభై.

ఇట్లు, మీ పనివాళ్లను చూసి మీకంటే ఎక్కువ పొంగిపోయిన,
పరిశీలనాధికారిణి

తా.క. పిన్నిగారికి స్వయంగా ఫోను చేసి, మొదటి రెండు గొంతులూ మీవి కావని ఎలా పట్టారని అడిగాను. "మా అబ్బాయి ఒక్క వాక్యంలో ఎప్పుడైనా విషయానికొచ్చాడా అమ్మా? వాళ్లు వచ్చేశారు" అన్నారు. మరి మూడోసారి పదకొండు నిమిషాలు మాట్లాడింది మీరేనని తెలుసా అంటే, "జలప్రళయం దగ్గరే తెలిసిపోయింది. కానీ ఫోనులో బాగా చెబుతున్నాడు, మధ్యలో ఆపాలనిపించలేదు" అన్నారు.