మడిచే కుర్చీ

సుజాతా,

నీ కొడుకు ఇప్పుడు ఆసరా లేకుండా కూర్చుంటున్నాడు. వాడికి అన్నం తినిపించడానికి ఎత్తు కుర్చీ కొందామని నిన్న మీ ఆయనతో కడప వెళ్లాను.

నాకు చెక్కది నచ్చింది. కాళ్లు వెడల్పుగా ఉన్నాయి, వాడు ఎంత ఊగినా కదలదు. మీ ఆయన మాత్రం మడిచే కుర్చీని తెరుస్తూ మూస్తూ నిలబడ్డాడు.

“ఇదైతే కారు డిక్కీలో పడ్తాదత్తా.”

“బిడ్డ ఉండేది నా ఇంట్లోనే కదప్పా, కారెందుకు?”

“చెక్కదైతే నీ మనవడు గూడా దీంట్లోనే తింటాడప్పా,” అని అంగడాయన నవ్వాడు. మీ ఆయన నవ్వలేదు. మడిచేదే కొన్నాడు.

నువ్వు పోయినప్పటి నుంచి బిడ్డ నా దగ్గరే ఉన్నాడు. పోయిన వారం మీ ఆయన బద్వేలుకు పెళ్లిచూపులకు వెళ్లాడని మీ చిన్నమ్మ చెప్పింది. అతను నాతో ఇంకా ఆ మాట అనలేదు.

ఈ పొద్దున బిడ్డ కొత్త కుర్చీలో కూర్చుని పప్పన్నం చెవుల దాకా పూసుకుంటుంటే, అతను గుమ్మంలో నిలబడి అడిగాడు.

“బిడ్డ టీకాల కార్డు యాడ పెట్టినారత్తా?”

ఈ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో మా అమ్మ కళ్లు మూసుకుని చెప్తుందని నువ్వు అందరితో అనేదానివి.

“వెతకాలప్పా,” అన్నాను.

మీ అమ్మ