చెక్క విమానం పొట్టలో నీళ్లు

పాలమూరు,
12-9-1986.

అమ్మకు రఘుపతి దండాలు. ఇక్కడ కౌసల్య, పిల్లలు బాగున్నారు. నేను కూడా తింటున్నాను, పనికి పోతున్నాను, కాబట్టి బాగున్నట్టే లెక్క. నువ్వు, చెల్లె యాదమ్మ మక్తల్‌లో క్షేమంగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి సంతోషించాను. నాకు మాత్రం పదిహేను రోజులుగా కోపం కుతకుత ఉడుకుతోంది. ఈ ఉత్తరం నిండా అదే ఉంటుంది, జర ఓపిక పట్టు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కందిపప్పు అందింది, కౌసల్య అప్పుడే సగం ఖర్చు పెట్టింది. నీ మోకాళ్లకు దవాఖానలో రాయించిన నూనె బస్సు కండక్టర్ ఐలేశం చేతికి ఇచ్చి పంపాను. రుద్దుకో. పోయినసారి నూనె దేవుడి దీపంలో పోశావట, యాదమ్మ చెప్పింది. దేవుడికి మోకాళ్ల నొప్పులు లేవు.

ఇక నీ మూడో ప్రశ్న. "ఎగరని ఇమానం ఎట్ల పడ్డదిరా?" అని రాయించావు. చదివి నవ్వు వచ్చింది, నవ్వినందుకు సిగ్గు కూడా వచ్చింది. విచారణకు వచ్చిన ముగ్గురు ఆఫీసర్లలో ఒక్కడికీ ఆ ప్రశ్న తోచలేదు. నీ మాటలు నాకు రాసేదీ, నా మాటలు నీకు చదివేదీ మన పక్కింటి దిల్షాదే కదా. ఏడో తరగతి దాకా తెలుగు చదువుకున్నది మన వాడలో ఆమె ఒక్కతే. ఆమె మొగుడు చోటే మియా సంగతే ఈ ఉత్తరమంతా. ఆమే చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

అది వాంపైర్ అనే పాత యుద్ధ విమానం. రెక్కలు, తోక రేకువి. మనిషి కూర్చునే ముందు భాగం మాత్రం చెక్క. ఫౌజులో పదిహేనేండ్లు నేను చేసింది ఆ చెక్కపనే. అందుకే దాన్ని ముక్కలుగా విప్పి రెండు లారీల్లో తెచ్చి, ఊరి బయట కొత్తగా కట్టిన ప్రదర్శనశాల ముందు పడేసినప్పుడు నన్ను పిలిచారు. రేకుపనికి నేను చోటే మియాను పిలిపించాను. మక్తల్ సంతలో బొక్కెనలు, డబ్బాలు చేసి అమ్ముకునేవాడు, రెక్క మీద సొట్ట తీస్తే ఎక్కడ తీశాడో నాకే దొరికేది కాదు. పధ్నాలుగు నెలలు ఇద్దరం కలిసి చేశాం. నేను వేలి గణుపుతో చెక్క మీద కొట్టి చెవి పెట్టి వినేవాణ్ణి. మంచి చెక్క ఖణీమంటుంది, పుచ్చింది బొదబొదమంటుంది. పుచ్చిన ప్రతి పలక కోసి తీసి కొత్తది అతికించాను.

పని అయ్యాక ప్రదర్శనశాల ఆఫీసర్‌కు నాలుగుసార్లు చెప్పాను, దీనికి పైన కప్పు వేయండి, చెక్క ఎండకు పగులుతుంది, వానకు ఉబ్బుతుంది అని. "షెడ్డు ఏస్తే రోడ్డు మీదికి ఎట్ల కనబడ్తదయ్యా?" అన్నాడు. ఎడ్లకు కూడా కొట్టం కట్టుకునే జిల్లా మనది. దేశం కోసం ఎగిరినదానికి నాలుగు రేకులు కప్పడానికి వీళ్లకు చేతులు రాలేదు. కార్లకు మాత్రం వెనక షెడ్డు కట్టుకున్నారు. వాళ్ల పేర్లు రాస్తే కాగితం మైలపడుతుందని రాయడం లేదు.

చోటే మియాను అక్కడే కాపలాకు పెట్టుకున్నారు. ఈ దసరాకు నౌకరీ పక్కా చేస్తామన్నారు. రెండేండ్లు వాడు దాన్ని పసిపిల్లలా తుడిచాడు. పోయిన నెల ఒక ఆదివారం బడి పిల్లలు చూసి అటు పోయారో లేదో, ముందు చక్రం కాలు పొట్టలోకి దిగబడింది. ముక్కు నేలకు కొట్టుకొని, చెక్క భాగం నడిమికి విరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. వారం తిరక్కుండా చోటే మియాను తీసేశారు. బక్షీసు తీసుకొని జనాన్ని పైకి ఎక్కించాడట, అందుకే విరిగిందట. పైగా ఠాణాలో ఫిర్యాదు. గురువారం పొద్దున పది గంటలకు పాలమూరు ఠాణాకు రమ్మని వాడికి కబురు పంపారు. వాడు ఇంట్లోంచి బయటికి రావడం లేదని, నమాజుకు కూడా పోవడం లేదని నువ్వే రాయించావు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు దిల్షాద్ చేయి ఎట్లా ఆడిందో అమ్మా. అక్షరాలు చెరిగి ఉన్నాయి.

నేను పోయి విరిగిన పొట్టలో చేయి పెట్టి చూశాను. చెక్క నానిన రొట్టెలా చేతికి వచ్చింది. మన జిల్లాలో చేన్లకు చుక్క లేదు, దాని పొట్టలో రెండు వానాకాలాల నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎవరూ ఎక్కి తొక్కితే విరిగింది కాదు అది. కుళ్లి విరిగింది.

ఎందుకు కుళ్లిందో ఇప్పుడు చెప్తాను. ఇందాకటి నుంచి ఆఫీసర్లను తిట్టింది ఈ మాట దగ్గరికి రావడానికి భయపడే.

చెక్క విమానం పొట్ట కింద అట్టడుగున చిటికెన వేలు పట్టేంత తూట్లు మూడు ఉంటాయి. ఏ సందులోంచో లోపలికి దిగిన నీరు వాటిలోంచి కారిపోవాలి. ఫౌజులో మొదటి వారం నేర్పేది అదే. చోటే మియాకు చూపిస్తే, "అన్నా, గివి దీని మోరీలన్నట్టు" అన్నాడు. ఎనభై నాలుగులో పీర్ల పండుగకు వాడు మక్తల్ వచ్చాడు, గుర్తుందా? పండుగైన రెండు రోజులకే ఇక్కడ ప్రారంభోత్సవం. ముందు రోజు వాన పడి, ఆ తూట్లలోంచి కారిన నీళ్లతో విమానం నిలిపిన సున్నం గద్దె మీద ఎర్రటి మరకలు పడ్డాయి. ఆఫీసర్ చూసి, "రేపు పెద్దోళ్లొస్తున్నరు, గీ గలీజేంది? రాతిపలక మీద నీ పేరు చెక్కిస్తున్న గదా" అన్నాడు. పేరు అనేసరికి నా బుద్ధి గడ్డి తిన్నది. మధ్యాహ్నం నేనే పడుకొని కిందికి జరిగి, మూడు తూట్లలో లప్పం కూరి, నున్నగా రుద్ది, పైన రంగు వేశాను. వడ్రంగిని కదా, తూటు కనబడితే నా చేతికి దురద.

చోటే మియా పండుగ నుంచి రాగానే కింద చేయి పెట్టి చూశాడు. "మోరీలు మూసినవేందన్నా?" అన్నాడు. ప్రారంభోత్సవం జలసా అయిపోనీ, తీస్తలే అన్నాను. తీయలేదు. తీస్తే రంగు మీద మచ్చ పడుతుంది. హైదరాబాదు నుంచి వచ్చినవాళ్లు ఆ పొట్ట నిమిరి భలే నునుపు అంటుంటే నాకు పొంగిపోవడం అలవాటైంది. వాడు ఇంకో రెండుసార్లు గుర్తు చేశాడు. మూడోసారి నేను ఏమన్నానో విను. "ఇమానాలు నాకు ఎరుకనా, నీకా? బొక్కెనలు చేసుకునేటోనివి నాకు చెప్తవా?" అన్నాను. ఆ తర్వాత వాడు ఆ మాట ఎత్తలేదు.

విచారణ రోజు ఆ ముగ్గురిలో ఒక ఆఫీసర్ నన్ను అడిగాడు, "ఉస్తాద్, నీ పనిల ఏమన్న లోపమున్నదా?" అని. చోటే మియా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఒక్క మాట చెబితే వాడు బయటపడేవాడు, నేను ఇరుక్కునేవాణ్ణి. వాడు చెప్పలేదు, నా దిక్కు చూశాడు. నేను నేల చూసి, లోపం లేదని చెప్పి సంతకం పెట్టాను. ఆ పొట్టంతా కుళ్లింది అమ్మా, నేను కూరిన లప్పం మాత్రం రాయిలా గట్టిగా ఉంది. గోటితో గీకినా రాలేదు.

దిల్షాద్, ఇంతవరకు మా అమ్మకు చదివావు. ఇక్కడి నుంచి నీకే. ఈ ఉత్తరం చదవడానికి వేరే వాడ మనిషిని పెట్టించగలను. కావాలనే నీ చేతికి పంపాను. నీ మొగుడికి నేను చేసింది నీ నోటితో నువ్వే పైకి చదవాలి, మా అమ్మ వినాలి. నాకు ఇంతకన్నా పెద్ద శిక్ష ఏ ఠాణాలో వేస్తారు? మాఫ్ చేయమని అడగను. అడిగే ముఖం లేదు.

ఇందులో ఇంకో కాగితం మడిచి పెట్టాను. తూట్లు మూసింది నేనేనని, ఏ రోజు ఏ గంటకు మూశానో, విచారణలో అబద్ధం చెప్పానని రాసి సంతకం చేశాను. ఇక్కడ మా పక్కింట్లో ఉండే గుర్వయ్య సారు సాక్షి సంతకం పెట్టారు. అది చోటే మియా చేతికి కాదు, నీ చేతికి. వాడి చేతికి ఇస్తే నన్ను కాపాడాలని చింపేస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు.

గురువారం పది గంటలకు ఠాణా గేటు దగ్గర నేను నిలబడి ఉంటాను. ఉంటానని రాస్తున్నాను గానీ, మొన్న విచారణకు పోయేముందు కూడా నిజమే చెప్పాలనుకొని బయలుదేరాను. కాబట్టి నేను కనబడకపోతే నాకోసం ఆగొద్దు. కాగితం పట్టుకొని లోపలికి పోండి.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
రఘుపతి